అక్కడ దీపాల వేళ, ఇక్కడ కోడికూత
సముద్రాలు దాటిన పాఠాలకు వేళ కుదర్చడం ఎలా?

కాకినాడ: అన్నవరం కొండకూ తుని పట్టణానికీ మధ్య ఒక గీత ఉన్నది. దానికి సర్వే రాయి లేదు, కంచె లేదు, చూద్దామంటే కంటికి ఆనదు. అయినా కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా గోడ గడియారాలూ, చేతి గడియారాలూ, సెల్‌ఫోన్లూ అన్నీ ఆ గీతకు లోబడే నడుస్తున్నాయి. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. ఉత్తరాన మీర్జాపూర్ పక్కగా దిగి, కాకినాడ జిల్లాలో తీరం దాటి బంగాళాఖాతంలోకి పోతున్నది. సూర్యుడు ఆ గీత మీదికి వచ్చే వేళను సగటున లెక్కగట్టి, దేశమంతటికీ అదే మధ్యాహ్నం పన్నెండు గంటలని నిర్ణయించారు.

నిన్న మొన్నటి దాకా ఈ గీత సంగతి బడిపిల్లల భూగోళం పుస్తకానికే పరిమితం. ఇప్పుడు అది ఇళ్ళలోకి వచ్చింది. వీణ, వయొలిన్, గాత్రం నేర్పే మాస్టార్లు, కూచిపూడి నేర్పే టీచర్లు, తెలుగు అక్షరాలు దిద్దించే విశ్రాంత ఉపాధ్యాయులు, మంత్రపాఠం చెప్పే పండితులు, లెక్కలు చెప్పే యువకులు సెల్‌ఫోనో కంప్యూటరో ఎదుట పెట్టుకుని అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగు పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. 2020లో కరోనా వచ్చి బడులూ సభలూ మూతపడినప్పుడు ఈ పద్ధతి ఊళ్ళకు కూడా పాకింది. కరోనా తగ్గినా పద్ధతి పోలేదు. పల్లెలో ఉండి కళనే నమ్ముకున్న వారికి నాలుగు రాళ్ళు కళ్ళజూసే దారి అయింది.

పాఠం చెప్పడం వీరికి కొత్త కాదు. ఫోను వాడకం నెల రోజుల్లో వచ్చేస్తుంది. అసలు చిక్కు గడియారంతోనే. ఎవరికి ఏ వేళ ఇవ్వాలి, ఆ వేళ ఏడాది పొడుగునా నిలుస్తుందా, మధ్యలో మారితే ఎవరు సర్దుకోవాలి అన్న విషయాల్లో తేడా వచ్చి మంచి శిష్యులూ, మంచి గురువులూ దూరమవుతున్న సందర్భాలు తక్కువ కాదు.

అరగంట ఎక్కడిది?

భూమి తన చుట్టూ తాను తిరగడానికి ఒక రోజు పడుతుంది. 360 డిగ్రీలను 24 గంటలకు పంచితే గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు వస్తాయి. లండన్ దగ్గరి గ్రీనిచ్‌ను సున్నా డిగ్రీలుగా 1884లో వాషింగ్టన్‌లో జరిగిన మహాసభ ఒప్పుకున్నది. అక్కడి నుంచి మన గీత 82½ డిగ్రీలు. పదిహేనుతో భాగిస్తే అయిదున్నర. అందుకే గ్రీనిచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందున్నాం. చాలా దేశాలు నిండు గంటల తేడా పెట్టుకున్నాయి. మనకు మాత్రం అరగంట తోకగా మిగిలింది. విదేశాల్లోని వారితో వేళ మాట్లాడేటప్పుడు లెక్క తప్పేది చాలావరకు ఈ అరగంట దగ్గరే.

మొదటి నుంచీ ఇలా లేదు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వారు 1792లో నక్షత్రశాల కట్టారు. అక్కడ లెక్కించిన మద్రాసు కాలంతోనే దేశంలో రైళ్ళు నడిచేవి. బొంబాయికి ఒక కాలం, కలకత్తాకు ఒక కాలం వేరుగా ఉండేవి. 1906 నుంచి అందరికీ ఒకే కాలం వచ్చింది. కలకత్తా తన సొంత కాలాన్ని 1948 వరకూ, బొంబాయి 1955 వరకూ వదలలేదు. ఇప్పుడు గుజరాత్‌లోని ద్వారకలో సూర్యుడు తుని కంటే సుమారు 54 నిమిషాలు వెనుకగా ఉదయించినా, గడియారం మాత్రం రెండు చోట్లా ఒకే గంట కొడుతుంది.

ఆకాశం మీదుగా పల్లెకు పాఠం రావడమూ కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా వాటిలో ఉన్నాయి. అప్పుడు చెప్పేవారికీ వినేవారికీ గడియారం ఒక్కటే కనుక వేళ సమస్య రాలేదు. ఇప్పుడు చెప్పేవారికి తెల్లవారితే వినేవారికి పొద్దుగూకుతున్నది.

ఒక మాస్టారి రోజు

ఉదాహరణకు ఒక వీణ మాస్టారికి ఏడు చోట్ల ఏడుగురు శిష్యులు ఉన్నారనుకుందాం. పిల్లలందరూ బడి నుంచి వచ్చి, కాస్త తిని, పాఠానికి కూర్చోవాలి. అందువల్ల ఎవరిని అడిగినా సాయంత్రమే కావాలంటారు. అయితే ఒక్కొక్కరి సాయంత్రం ఒక్కొక్క వేళ.

చలికాలంలో న్యూజెర్సీ పిల్లకు సాయంత్రం 7 గంటలైతే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 5.30. డల్లాస్‌లో 7 అయితే ఇక్కడ ఉదయం 6.30. కాలిఫోర్నియాలో 7 అయితే ఇక్కడ 8.30. సిడ్నీ పిల్లవాడి సాయంత్రం 5 గంటలు మనకు ఉదయం 11.30. సింగపూర్ సాయంత్రం 6 గంటలు మనకు మధ్యాహ్నం 3.30. దుబాయ్ రాత్రి 7 గంటలు మనకు 8.30. లండన్ సాయంత్రం 4 గంటలు మనకు రాత్రి 9.30.

చెప్పేది ఏడు గంటల పాఠమే. కాని అది తెల్లవారుజామున 5.30కి మొదలై రాత్రి 10.30కి ముగుస్తున్నది. అంటే పదిహేడు గంటల పొడుగున మాస్టారు గడియారానికి కట్టుబడి ఉండాలి. మధ్యలో ఖాళీ ఉన్నదే గాని తీరిక లేదు. పొలానికి వెళ్ళాలన్నా, పక్క ఊరిలో పెళ్ళికి వెళ్ళాలన్నా, మధ్యాహ్నం ఒక కునుకు తీయాలన్నా తరువాతి పాఠం గుర్తుకు వస్తుంది.

తెల్లవారుజాము వేళ సంగీతానికి కొత్త కాదు. బ్రాహ్మీ ముహూర్తంలో లేచి సాధకం చేయడం పూర్వం నుంచీ ఉన్నదే. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణతో పేరు తెచ్చుకున్న గడ్డ ఇది. అయితే ఆ రోజుల్లో గురువుకు తెల్లవారితే శిష్యుడికీ తెల్లవారేది. ఇప్పుడు గురువు నిద్ర లేచి గొంతు సవరించుకునే సరికి శిష్యురాలు బడిలో, ఆటల్లో అలసి ఆవలిస్తూ ఉంటుంది. న్యూజెర్సీలో రాత్రి 9 గంటలు దాటాక ఏడేళ్ళ పాపను సరళీవరసలకు కూర్చోబెడితే ఆ పాఠం ఒంటబట్టదు. వేళ కుదిర్చేటప్పుడు గురువు నిద్రతో పాటు పిల్ల నిద్ర కూడా చూడాలి.

మారే గడియారం, మారని గడియారం

ఈ లెక్క కాగితం మీద రాసి గోడకు అంటిస్తే ఏడాదంతా పనికి వస్తుందా అంటే, రాదు. అమెరికా, ఇంగ్లండు వంటి దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారం తిప్పుతారు. వేసవిలో పగలు ఎక్కువ కనుక ముల్లును ఒక గంట ముందుకు జరుపుతారు. చలికాలం రాగానే వెనక్కు తెస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు పొదుపు కోసం 1916లో జర్మనీ దీన్ని మొదలుపెట్టింది. కొద్ది రోజులకే ఇంగ్లండు, 1918లో అమెరికా అందుకున్నాయి. మన దేశంలో కూడా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకూ గడియారాలు గంట ముందుకు జరిపారు. ఆ తరంవారు దాన్ని యుద్ధకాలపు టైముగా ఎరుగుదురు. ఇప్పుడు మన గడియారం ఏడాదంతా కదలదు.

అమెరికాలో ఈ మార్పు మార్చి రెండో ఆదివారం వస్తుంది, నవంబరు మొదటి ఆదివారం పోతుంది. 2007 నుంచి ఇదే నియమం. ఆ లెక్కన 2026కు తేదీలు మార్చి 8, నవంబరు 1. ఇంగ్లండులో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. 2026కు అవి మార్చి 29, అక్టోబరు 25. సిడ్నీ, మెల్‌బోర్న్ దక్షిణార్థ గోళంలో ఉండడం వల్ల అక్కడ తలకిందులు. అక్టోబరు మొదటి ఆదివారం గడియారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కు జరుగుతుంది. అదే ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్, పెర్త్ నగరాల్లో గడియారం ముట్టుకోరు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో చాలాభాగం ముట్టుకోదు. గల్ఫ్ దేశాలకూ, సింగపూర్‌కూ ఈ బెడద లేదు.

అమెరికాలో గంట ముందుకు జరిగితే మనకు పాఠం గంట ముందుగా వస్తుంది. న్యూజెర్సీ పాప సాయంత్రం 7 గంటల పాఠం చలికాలంలో 5.30కి ఉండేది, వేసవిలో 4.30కి వచ్చి పడుతుంది. మార్పు వారికి ఆదివారం అర్ధరాత్రి దాటాక 2 గంటలకు జరిగినా, ఆ సాయంత్రపు పాఠం మనకు సోమవారం తెల్లవారుజాము. కాబట్టి మాస్టారికి ఆ దెబ్బ తగిలేది సోమవారం. ఆయన 5.30కి స్నానం చేసి కూర్చుంటే అవతల పాప గంటసేపు చూసి లేచిపోయి ఉంటుంది. "మాస్టారు రాలేదు" అని ఆ తల్లీ, "నేను టైముకే కూర్చున్నానండీ" అని ఈ మాస్టారూ అనుకుంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. పైన చెప్పిన మాస్టారికి దుబాయ్ పాఠం రాత్రి 8.30కి, లండన్ పాఠం 9.30కి ఉన్నాయి. చలికాలమంతా ఒకదాని తరువాత ఒకటి హాయిగా సాగుతాయి. మార్చి చివరి ఆదివారం లండన్ గడియారం గంట ముందుకు పోగానే అక్కడి సాయంత్రం 4 గంటలు మనకు 8.30 అవుతుంది. దుబాయ్ మాత్రం కదలదు. అంటే ఒకే వేళకు ఇద్దరు శిష్యులు తలుపు తడతారు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ వేళ మార్చమని అడగలేదు. అయినా పాఠాలు ఢీకొన్నాయి. ఇది ముందే తెలిసిన మాస్టారు ఫిబ్రవరిలోనే ఒకరితో మాట్లాడి సర్దుకుంటారు. తెలియని వారు ఆ రాత్రి ఒకరికి క్షమాపణ చెప్పుకోవాలి.

మార్చిలో అమెరికా మారిన తరువాత రెండు మూడు వారాలు ఇంగ్లండు మారదు. అక్టోబరు చివర ఇంగ్లండు మారిన తరువాత ఒక వారం అమెరికా మారదు. అన్నదమ్ములు ఒకరు లండన్‌లో, ఒకరు డల్లాస్‌లో ఉండి ఇద్దరి పిల్లలనూ ఒకే పాఠంలో కూర్చోబెట్టిన ఇళ్ళలో ఈ వారాలు చాలా జాగ్రత్తగా దాటాలి.

ఎవరి ఆదివారం?

వేళ తప్పితే గంట పోతుంది. వారం తప్పితే రోజే పోతుంది. అమెరికాలో శనివారం సాయంత్రం అంటే మనకు ఆదివారం ఉదయం. "ఆదివారం పాఠం పెట్టండి మాస్టారూ" అని అక్కడి తల్లి అంటే ఆమె లెక్కలో ఆదివారం సాయంత్రం. అది మనకు సోమవారం. మర్నాడు బడి ఉన్న పిల్లకు అది సరిపోతుందో లేదో ఆమె చూసుకోవాలి, సోమవారం ఉదయం తనకు తీరిక ఉంటుందో లేదో మాస్టారు చూసుకోవాలి.

గల్ఫ్‌లో సెలవు రోజులే వేరు. కువైట్, సౌదీ, ఒమాన్, ఖతార్ దేశాల్లో శుక్ర, శనివారాలు సెలవులు. ఆదివారం అక్కడ బడి ఉంటుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మాత్రం 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారి, శుక్రవారం సగం పూట పెట్టుకున్నది. మస్కట్ పిల్లవాడినీ దుబాయ్ పిల్లవాడినీ ఒకే ఆదివారం ఉదయపు పాఠంలో కలిపితే, గడియారం ఇద్దరికీ ఒక్కటే అయినా మస్కట్ పిల్లవాడు బడిలో ఉంటాడు.

పండుగల సంగతి మరీ చిత్రం. తిథి అనేది సూర్యచంద్రుల మధ్య దూరాన్ని బట్టి ఏర్పడేది. అది మొదలయ్యే క్షణం లోకమంతటికీ ఒక్కటే. కాని సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు పండుగ అనేది చాలా పండుగలకు పాటించే లెక్క. ఒక తిథి మనకు మంగళవారం ఉదయం 8 గంటలకు వచ్చిందనుకుందాం. అప్పటికే పొద్దు పొడిచింది కనుక ఇక్కడ పండుగ బుధవారం. అదే క్షణంలో డల్లాస్‌లో వేసవి అయితే సోమవారం రాత్రి 9.30. వారికి మంగళవారం సూర్యోదయం వేళకు ఆ తిథి నడుస్తూ ఉంటుంది. అక్కడ పండుగ మంగళవారమే. అందుకే అమెరికా తెలుగువారు తమ ఊరికి లెక్కగట్టిన పంచాంగం విడిగా చూసుకుంటారు.

ఇప్పుడు "మంగళవారం పండుగండీ, పాఠం వద్దు" అని అక్కడి నుంచి కబురు వస్తుంది. "బుధవారం పండుగమ్మా, పాఠం ఉండదు" అని ఇక్కడి నుంచి కబురు వెళుతుంది. పైకి రెండు పాఠాలు పోయినట్లు కనిపిస్తుంది. నిజానికి మన బుధవారం తెల్లవారుజామే వారి మంగళవారం సాయంత్రం. ఇద్దరూ ఒక్క పాఠం గురించే మాట్లాడుతున్నారు. నిదానంగా విడమరిచి చెప్పుకోని చోట రెండు పాఠాలూ ఆగిపోతాయి, నెలాఖరున ఫీజు దగ్గర మాట వస్తుంది.

అందరికీ ఒకే తరగతి కుదురుతుందా?

ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అందరినీ కలిపి ఒకే తరగతి పెడితే గంటలు కలిసివస్తాయని కొందరి ఆలోచన. వేసవిలో శనివారం సాయంత్రం మనకు 6.30 అయినప్పుడు న్యూజెర్సీలో ఉదయం 9, డల్లాస్‌లో 8, లండన్‌లో మధ్యాహ్నం 2, దుబాయ్‌లో సాయంత్రం 5. ఇంతవరకు బాగున్నది. అయితే కాలిఫోర్నియాలో అప్పుడు ఉదయం 6, సింగపూర్‌లో రాత్రి 9, సిడ్నీలో 11. ఎటు తిప్పినా ఒక కొనకు కంబళి చాలదు. దీన్ని రెండు తరగతులు చేస్తే నయం. అమెరికా పిల్లలందరికీ మన ఆదివారం ఉదయం 6.30 పెడితే వేసవిలో వారికి శనివారం సాయంత్రం న్యూజెర్సీలో 9, డల్లాస్‌లో 8, కాలిఫోర్నియాలో 6. సింగపూర్, సిడ్నీ పిల్లలకు మన ఆదివారం మధ్యాహ్నం 12.30 పెడితే వారికి సాయంత్రం 3, 5 గంటలు.

సంగీతానికి మరో అడ్డంకి ఉన్నది. అందరూ కలిసి ఒకే గొంతుగా పాడడం ఈ పద్ధతిలో సాధ్యం కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికా పదమూడు వేల కిలోమీటర్ల పైమాట. తీగలోనే సెకనులో పదిహేనో వంతుకు తక్కువ కాకుండా పడుతుంది. ఫోన్లలో, కంప్యూటర్లలో జరిగే పని దానికి తోడవుతుంది. మాటకు అది లెక్కలోకి రాదు, తాళానికి వస్తుంది. మాస్టారు వేసిన తాళం అక్కడికి ఆలస్యంగా చేరి, పిల్ల పాడింది ఇక్కడికి మరింత ఆలస్యంగా వస్తుంది. అందుకే గురువు ఒక వరస పాడి ఆపితే, శిష్యుడు తిరిగి పాడి వినిపించాలి. పదిమంది ఉంటే పదిమందీ వంతులవారీగా వినిపించేసరికి గంట అయిపోతుంది. లెక్కలకూ, తెలుగు అక్షరాలకూ పెద్ద తరగతి నడుస్తుంది గాని, సంగీతానికి ఇద్దరు ముగ్గురికి మించితే కష్టం.

ఊరి పిల్లల మాటేమిటి?

ఈ వ్యవహారంలో అందరికంటే నెమ్మదిగా నష్టపోయేది ఊరి పిల్లలు. బడికి వెళ్ళే ముందు ఉదయం 6 గంటలకు మాస్టారి అరుగు మీద చాప వేసుకుని నేర్చుకునే అలవాటు పల్లెల్లో ఉండేది. ఆ ఉదయపు వేళే ఇప్పుడు డల్లాస్‌కూ న్యూజెర్సీకీ కావలసిన వేళ. డాలర్లలో వచ్చే ఫీజుకూ, ఊరి పిల్ల ఇచ్చే ఫీజుకూ పోలిక లేదు. మాస్టారిని తప్పుపట్టడానికీ లేదు. ఆయనకూ పిల్లల చదువులున్నాయి, ఇంటి ఖర్చులున్నాయి. పెళ్ళిళ్ళకూ ఉత్సవాలకూ కచేరీలు పిలిచే రోజులు తగ్గాయి. ఊళ్ళో ఉండి కళతోనే బతకగలుగుతున్నారంటే ఈ పాఠాల వల్లనే.

అయినా దారి లేకపోలేదు. పైన చెప్పిన లెక్క చూస్తే మాస్టారి రోజులో సాయంత్రం 4.30 నుంచి 8.30 వరకూ విదేశీ పాఠం ఏదీ లేదు. అమెరికాలో అప్పుడు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి ముందు వేళ. బడి రోజుల్లో ఆ పిల్లలకు అది పనికిరాని కాలం. ఊరి పిల్లలకు బడి వదిలే వేళ సరిగ్గా అదే. ఉదయం అమెరికాకు, సాయంత్రం ఊరికి అని మొదటే విడదీసి, ఆ నాలుగు గంటల్లో రెండు గంటలైనా ఎవరు అడిగినా ఇవ్వకుండా నిలుపుకుంటే ఊళ్ళో పాఠం నిలుస్తుంది. గల్ఫ్ పిల్లల కోసం ఆ వేళ మెల్లగా కరిగిపోకుండా చూసుకోవలసింది మాస్టారే. ఊరి తల్లిదండ్రులు కూడా "ఉదయమే కావాలి" అని పట్టుపట్టకుండా సాయంత్రానికి ఒప్పుకోవాలి.

కువైట్‌లో అమ్మ, ఊళ్ళో చదువు

పాఠం ఇక్కడి నుంచి అక్కడికే కాదు, అక్కడి నుంచి ఇక్కడికీ వస్తున్నది. గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేస్తున్న తల్లులు ఎందరో ఉన్నారు. అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లల చదువు ఫోనులో చూసుకోవాలని వారి ఆశ. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక, మస్కట్ గంటన్నర వెనుక. అక్కడ పని ముగిసి రాత్రి 9 గంటలకు కువైట్ నుంచి ఫోను చేస్తే ఇక్కడ 11.30. పిల్ల నిద్రపోయి ఉంటుంది. అదే తల్లి పనిలోకి దిగే ముందు ఉదయం 5 గంటలకు చేస్తే ఇక్కడ 7.30. పిల్ల తల దువ్వించుకుంటూ నిన్నటి పాఠం అప్పగించవచ్చు. ఈ రెండు దేశాల్లోనూ గడియారం తిప్పరు కనుక ఒకసారి కుదిరిన వేళ ఏడాదంతా నిలుస్తుంది. అమ్మమ్మకు చెప్పవలసింది ఒక్కటే: ఉదయం ఆ పావుగంట ఫోను ఖాళీగా ఉంచి, చార్జింగు పెట్టి ఉంచాలి.

పాటించదగిన పద్ధతులు

వేళ కుదిర్చేటప్పుడు ముందు తేల్చుకోవలసింది ఎవరి గడియారం కదలకుండా ఉండాలన్నది. పిల్లకు ఏడాదంతా సాయంత్రం 7 గంటలే ఉండాలంటే మాస్టారు మార్చిలో గంట ముందు లేవాలి. మాస్టారికి ఏడాదంతా 5.30 ఉండాలంటే న్యూజెర్సీ పిల్ల వేసవిలో 8 గంటలకు కూర్చోవాలి. రెండూ న్యాయమే. కాని మొదటి రోజునే మాట అనుకోవాలి. పసిపిల్లల విషయంలో పిల్ల గడియారాన్నీ, పెద్ద పిల్లల విషయంలో గురువు గడియారాన్నీ నిలపడం ఇద్దరికీ భారం పంచే మార్గం.

రెండోది, కబురు పంపేటప్పుడు రెండు ఊళ్ళ వారమూ, తేదీ, వేళ రాయాలి. "డల్లాస్ శనివారం సాయంత్రం 7, ఇండియా ఆదివారం ఉదయం 5.30" అని రాస్తే తగాదాకు చోటు లేదు. ఐ.ఎస్.టి., సి.ఎస్.టి. వంటి పొట్టి అక్షరాలు వాడకపోవడం మంచిది. ఐ.ఎస్.టి. అంటే ఇండియాకే కాదు, ఇజ్రాయెల్‌కూ వాడతారు. సి.ఎస్.టి. అంటే అమెరికా మధ్య ప్రాంతానికీ వాడతారు, చైనాకూ వాడతారు. ఊరి పేరు రాస్తే పొరపాటు ఉండదు. ఫోనులోని క్యాలెండర్‌లో పాఠం రాసేటప్పుడు కూడా వేళతో పాటు శిష్యుడి ఊరిని ఎంచుకుంటే, గడియారం మారిన రోజున ఫోనే సర్ది చూపిస్తుంది. గంట కొట్టే అలారం మాత్రం మన వేళకే కొడుతుంది, దాన్ని చేత్తో మార్చుకోవాలి.

మూడోది, గోడమీది క్యాలెండర్‌లో మార్చి రెండో ఆదివారం, చివరి ఆదివారం, ఏప్రిల్, అక్టోబరు మొదటి ఆదివారాలు, అక్టోబరు చివరి ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఎర్ర సిరాతో చుట్టి ఉంచుకోవాలి. ఆ తేదీలకు పది రోజుల ముందు ఇళ్ళన్నింటికీ ఒక కబురు పంపితే సరిపోతుంది.

నాలుగోది, కరెంటు పోయినా, నెట్ ఆగినా, వేళ లెక్క తప్పినా పాఠం ఎప్పుడు తిరిగి చెప్పాలో ముందే అనుకోవాలి. నెలకు ఒక ఖాళీ వేళ ఇందుకోసం అట్టిపెట్టుకున్న వారికి ఫీజు దగ్గర మాట రాదు.

నోటిలెక్కకు కొన్ని కిటుకులు ఉన్నాయి. డల్లాస్‌కు చలికాలంలో మన ఉదయాన్ని ముందురోజు సాయంత్రం చేసి అరగంట కలపాలి: ఇక్కడ ఉదయం 6.30 అయితే అక్కడ సాయంత్రం 7. కాలిఫోర్నియాకు వేసవిలో అలాగే చేసి అరగంట తీసేయాలి: ఇక్కడ 7.30 అయితే అక్కడ 7. చలికాలంలో లండన్ వేళ కావాలంటే ముళ్ళ గడియారాన్ని తలకిందులు చేసి చూస్తే చాలు. మనకు మధ్యాహ్నం మూడు గంటలైనప్పుడు తిప్పి చూస్తే చిన్నముల్లు తొమ్మిది దగ్గర, పెద్దముల్లు ఆరు మీద ఉంటాయి. లండన్‌లో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర.

చివరిగా నిద్ర మాట. రాత్రి 10.30కి లండన్ పాఠం ముగించి తెల్లవారుజామున 4.30కి న్యూజెర్సీ పాఠానికి కూర్చునే వారికి మిగిలేది అయిదు గంటల నిద్ర కూడా కాదు. గాత్రం చెప్పేవారికి ముందు పోయేది గొంతు. రెండు కొసల్లో ఏదో ఒకటి వదులుకోవడం తప్పదు. తెల్లవారుజాము శిష్యులు ఉన్నవారు రాత్రి 9.30 తరువాత పాఠం ఒప్పుకోకూడదు. రాత్రి శిష్యులు ఎక్కువ ఉన్నవారు న్యూజెర్సీ పిల్లలను వారి శని, ఆదివారాల ఉదయాలకు మార్చుకోవచ్చు. వారికి ఉదయం 9 గంటలు మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. సెలవు రోజు కనుక పిల్లలు నిద్ర చాలి హుషారుగా ఉంటారు, మాస్టారికీ తెల్లవారుజాము అలారం తప్పుతుంది.